ఒక్క అక్షరం తేడా: గర్భసంచి పొరను చదివిన నా ఏళ్ళు

నేను మందిచ్చి బాగుచేశానని చెప్పుకోదగ్గ పేషెంటు ఒక్కరూ లేరు. ముప్పై నాలుగేళ్ళు డాక్టరుగా పనిచేశాను. అందులో ఎక్కువ కాలం అనకాపల్లిలోనే. స్టెతస్కోపు మెడలో వేసుకున్నది చదువుకునే రోజుల్లోనే. నా దగ్గరికి మనుషులు రారు, జబ్బు తేల్చడానికి వాళ్ళ ఒంట్లోంచి తీసిన ముక్కలు వస్తాయి. బజారులో ఎవరైనా "మీరే డాక్టరండీ?" అని అడిగితే "ముక్క పరీక్ష డాక్టర్ని" అని చెప్పేదాన్ని. అర్థమైనవాళ్ళు ఒక అడుగు వెనక్కి వేసేవారు.

ఈమధ్య పాథాలజీలో చేరబోతున్న ఒక అమ్మాయి మా ఇంటికొచ్చింది. నేను గర్భసంచి పొర గురించి మొదలుపెట్టి గంటన్నర ఆపకుండా మాట్లాడాను. టీ చల్లారిపోయింది. చివరికి ఆ అమ్మాయి మొహమాటపడుతూ, "రోజూ అవే ముక్కలు కదా మేడం, అందులో అంత సంబరపడటానికి ఏముంది?" అని అడిగింది. ఆ పూట సరిగ్గా చెప్పలేకపోయాను. అందుకే రాస్తున్నాను. ప్రమోషన్లూ బదిలీలూ ఇందులో ఉండవు, అవి ఎవరికీ పనికిరావు. రెండు కేసులు, ఒక గురువు, నా తప్పులు ఉంటాయి. పేషెంట్ల పేర్లు మార్చాను.

డబ్బాలు

పొద్దున్న తొమ్మిదికి లాబ్ తలుపు తీసేసరికి బల్ల మీద డబ్బాలు వరసగా ఉండేవి. ముక్క కుళ్ళకుండా ఫార్మలిన్‌లో వేసి పంపాలి. కొన్ని పద్ధతిగా వచ్చేవి. కొన్ని పచ్చడి సీసాల్లో, నూనె జిడ్డు కూడా పోకుండా వచ్చేవి. వాటిలో సగానికి పైగా గర్భసంచి లోపలి పొర నుంచి గీకి తీసిన ముక్కలే. నెలసరి ఆగకుండా అయ్యేవాళ్ళవి, నెలసరి ఆగిపోయిన ఏళ్ళకి మళ్ళీ రక్తం కనబడినవాళ్ళవి.

ఈ పొర అంటే నాకు మొదటినుంచీ ఆశ్చర్యమే. ఒంట్లో మరే పొరా ఇలా నెల నెలా పెరిగి, రాలి, మళ్ళీ మొదటి నుంచి మొలవదు. ఈ రోజు చూసిన పొర పది రోజుల తర్వాత వేరేలా ఉంటుంది. అందుకే డబ్బా మీద "గర్భసంచి ముక్క" అని రెండు మాటలు రాసి పంపే డాక్టర్లతో నేను ఫోన్లో పోట్లాడేదాన్ని. వయసెంత? చివరి నెలసరి ఎప్పుడు? హార్మోన్ మాత్రలు వాడుతోందా? ఇవి తెలియకుండా చూస్తే కళ్ళకు గంతలు కట్టుకుని చూసినట్టే. ఫోన్ చేయడానికి సిగ్గుపడే పాథాలజిస్టు మంచి పాథాలజిస్టు కాలేడని నా గట్టి నమ్మకం.

నూటికి తొంభై ముక్కల్లో భయపడాల్సిందేమీ ఉండదు. ప్రమాదం అక్కడే ఉంది. చూసిందే చూసి చూసి కన్ను మొద్దుబారిపోతుంది. నాకూ అదే జరిగింది.

బంగారమ్మ

బంగారమ్మ సముద్రం ఒడ్డున ఉన్న ఊరి నుంచి ఆటోలో చేపలు తెచ్చి అనకాపల్లి వీధుల్లో అమ్మేది. అరవై దాటిన మనిషి. గొంతు రెండు వీధుల అవతలికి వినబడేది. మా వీధికీ వచ్చేది కాబట్టి, ఆమె ముక్క నా బల్ల మీదికి రాకముందే నాకు ఆమె తెలుసు.

నెలసరి ఆగి పదేళ్ళయ్యాక ఆమెకి రక్తం కనబడింది. ఆరు నెలలు ఎవరికీ చెప్పలేదు. చివరికి డాక్టర్ పద్మజ దగ్గరికి వచ్చింది. పద్మజ ఇక్కడ స్త్రీల వైద్యురాలు, నాకంటే పదేళ్ళు చిన్నది, నా ఫోన్ల బాధ అందరికంటే ఎక్కువ పడింది ఆవిడే. ముక్క తీసి పంపింది. కేన్సరే. గర్భసంచి తీసేశారు, అదీ నా దగ్గరికే వచ్చింది.

మైక్రోస్కోపు కింద గడ్డ చాలా నెమ్మదిగా, బుద్ధిగా కనిపించింది. గ్రంథులు గుండ్రంగా, ఒకదాని పక్కన ఒకటి చక్కగా తీర్చినట్టున్నాయి. గ్రంథులు అలా పద్ధతిగా ఉంటే అది మొండి రకం కాదని మేం చదువుకున్నాం. ఆ రోజు బల్ల మీద ఇంకా చాలా ట్రేలున్నాయి. గడ్డ లోంచి రెండు ముక్కలు కోసి చూసి, 'మొదటి గ్రేడు' అని రాసి సంతకం పెట్టాను. ముప్పు తక్కువ కాబట్టి ఆపరేషన్ తర్వాత ఇంకేమీ అక్కర్లేదన్నారు. బంగారమ్మ మళ్ళీ చేపల గంప ఎత్తుకుంది.

ఏడాదిన్నర తిరక్కుండా ఆమె పొట్ట ఉబ్బింది. పొట్టలోంచి తీసిన నీరు నా దగ్గరికి వచ్చింది. స్లయిడ్ పెట్టి చూశాను. నీటి నిండా కేన్సర్ కణాలు. నెమ్మదైన గడ్డ ఇలా చేయకూడదు.

పాత స్లయిడ్లు బయటికి తీసి ఈసారి పెద్ద లెన్సు పెట్టాను. గ్రంథులు అప్పటిలాగే అందంగా ఉన్నాయి. కానీ వాటిలోని కణాల కేంద్రకాలు పెద్దవి, నల్లటివి, ఒకదానికీ ఇంకోదానికీ పోలిక లేనివి. పద్ధతైన గ్రంథుల్లో అలాంటి కేంద్రకాలు కనబడితే ఆగిపోయి మళ్ళీ ఆలోచించాలి. అదంతా మొదటి రోజునే ఆ గాజు మీద ఉంది. నేను చిన్న లెన్సుతో దూరం నుంచి చూసి మురిసిపోయాను.

విశాలాక్షి గారు

నా గురువు విశాలాక్షి గారు విశాఖపట్నంలో ఉండేవారు. ఆవిడంటే మా బ్యాచ్ మొత్తానికి హడలు. ఎవరైనా స్లయిడ్ చూసి జబ్బు పేరు చెప్తే, "ఎలాగ తెలిసింది?" అని ఒకే ప్రశ్న. జవాబు చెప్తే మళ్ళీ "ఎలాగ తెలిసింది?" అలా మూడుసార్లు తట్టుకున్నవాళ్ళకే ఆవిడ గదిలో కుర్చీ.

బంగారమ్మ స్లయిడ్లూ, ముక్కను మైనంలో పోసి దాచిన బ్లాకూ పట్టుకుని రైలెక్కి ఆవిడ దగ్గరికి వెళ్ళాను. అప్పటికి పీ53 అనే ప్రొటీన్‌కి రంగు వేసే పరీక్ష మా అనకాపల్లికి రాలేదు, ఆవిడ దగ్గరుంది. కణం దారి తప్పితే దాన్ని ఆపే కాపలా ప్రొటీన్ అది. మామూలుగా అక్కడొకటీ ఇక్కడొకటీ కేంద్రకాలు గోధుమ రంగు పట్టాలి. కాపలా పాడైతే అన్నీ ముదురుగా పట్టేస్తాయి, లేదంటే ఒక్కటీ పట్టదు.

రెండు రోజుల తర్వాత ఆవిడే ఫోన్ చేశారు.

"మొత్తం గోధుమే. మనకి వచ్చే రకాల్లో చాలా మొండిది ఇది. గడ్డలోంచి ఎన్ని ముక్కలు తీసేవు?"

"రెండు మేడం."

"ఎందుకు రెండే?"

ఆవిడ తిట్టలేదు. తిట్టి ఉంటే నాకు తేలికయ్యేది.

"ఆవిడకి చెప్పేవా?" అన్నారు.

"ఏమని మేడం?"

"ఉన్నదే. మన పని రాసేదే కాదు, రాసింది తప్పైతే అదీ చెప్పాలి."

మర్నాడు పద్మజతో కలిసి బంగారమ్మ మంచం దగ్గరికి వెళ్ళాను. పక్కన ఆమె కూతురు ఉంది. నేను ఉన్నదున్నట్టు చెప్పాను. మొదటిసారి నేను సరిగ్గా చూడలేదు, గడ్డ మొండిదని అప్పుడే కనిపెట్టి ఉంటే బలమైన మందులు ఇచ్చేవారు అని.

బంగారమ్మ నావైపు తిరిగింది.

"అప్పుడే తెలిత్తే ఇది మళ్ళీ రాకపోయేదా అమ్మా?"

"చెప్పలేను బంగారమ్మా. రాకపోయే అవకాశం ఎక్కువుండేది. ఆ అవకాశం నా వల్ల పోయింది."

కూతురు లేచి బయటికి వెళ్ళిపోయింది. బంగారమ్మ దుప్పటి సర్దుకుంటూ అంది: "నాను సేప కొనేటప్పుడు పైపొలుసు సూసి ఎప్పుడూ కొనలేదమ్మా. మొప్ప ఎత్తి సూత్తాను. మీరూ అలగ సూడండి ఇకనించి."

ఎనిమిది నెలల తర్వాత ఆమె చనిపోయింది. కూతురు ఆ తర్వాత నాతో మాట్లాడలేదు. మాట్లాడాలని నేను ఎదురుచూడటం కూడా న్యాయం కాదు.

ఈ వృత్తిలోకి వచ్చేవాళ్ళకి నేను చెప్పేది ఇదే. తప్పు చేయని పాథాలజిస్టు లేడు. తన పాత స్లయిడ్లు మళ్ళీ బయటికి తీసే పాథాలజిస్టులు మాత్రం తక్కువ.

నాలుగు గుంపులు

ఇప్పుడు నా ఉత్సాహానికి కారణం చెప్తాను. బంగారమ్మ పోయిన కొన్నేళ్ళకి మా విద్యలో పెద్ద మార్పు వచ్చింది. గర్భసంచి పొరలో పుట్టే కేన్సర్‌ను కంటికి కనబడే రూపంతో మాత్రమే కాకుండా, కణం లోపల ఏది చెడింది అన్నదాన్ని బట్టి నాలుగు గుంపులుగా విడదీయవచ్చని తేలింది. మొదటిసారి ఆ పాఠం విన్న రోజున నేను నోట్సు రాసుకోవడం మర్చిపోయాను. అన్నేళ్ళు రోజూ చూసిన గడ్డలకి ఎవరో కొత్తగా పేర్లు పెట్టి పరిచయం చేస్తున్నట్టనిపించింది.

కణం రెండుగా చీలే ప్రతిసారీ తన డీఎన్ఏను అక్షరం అక్షరం నకలు రాసుకుంటుంది. రాసేటప్పుడే అచ్చుతప్పులు దిద్దే ప్రొటీన్ ఒకటుంది, దాని జీన్ పేరు పోలీ. ఆ జీన్‌లో ఒక్క అక్షరం మారితే దిద్దేవాడికి కళ్ళు పోతాయి, తప్పులు వేలల్లో పేరుకుంటాయి. అది మొదటి గుంపు. అలా తప్పించుకున్న తప్పుల్ని తర్వాత సరిచేసే ముఠా ఇంకొకటుంది. అది పాడైతే రెండో గుంపు. పీ53 కాపలా పోయినవి మూడో గుంపు, బంగారమ్మది అదే. ఈ మూడు గుర్తులూ లేనివి నాలుగోది.

ఇది గోడకి తగిలించుకునే పట్టిక కాదు. గుంపు మారితే వైద్యం మారిపోతుంది. రెండో గుంపునే తీసుకోండి. దేవరాపల్లి వైపు నుంచి వచ్చిన ఒకావిడ గడ్డలో ఆ సరిచేసే ప్రొటీన్లు రెండు కనబడలేదు. కొందరిలో ఈ లోపం పుట్టుకతో వస్తుంది, రక్తసంబంధీకులకి పేగు కేన్సర్ వచ్చే అవకాశం ఉంటుంది. ఆవిడ రక్తం పరీక్షిస్తే అదే తేలింది. పద్మజ పట్టుబట్టి, ఏ నొప్పీ లేని ఆవిడ తమ్ముడికి పేగు పరీక్ష చేయించింది. కేన్సర్‌గా మారబోతున్న చిన్న కణితి దొరికింది, అక్కడికక్కడే తీసేశారు. అక్క గర్భసంచి ముక్క తమ్ముడి పేగును కాపాడింది! ఇలాంటి సంగతి విని కూడా ఒళ్ళు పులకరించకపోతే ఈ వృత్తి వద్దు, వేరే ఏదైనా చూసుకోండి.

బుచ్చయ్యపేట నూకరత్నం

నూకరత్నం వయసు యాభై నాలుగు. బుచ్చయ్యపేట మండలంలో రెండెకరాల చెరుకు వాళ్ళది. భర్త అప్పలనాయుడు నెమ్మది మనిషి, మాట తక్కువ. పొలం పనైనా మాటైనా ఆమెదే పైచేయి. రక్తం కనబడ్డ వారానికే ఆమె పద్మజ దగ్గరికి వచ్చింది. ఆ ఒక్క పనితో సగం ప్రాణం ఆమే కాపాడుకుంది.

ఆపరేషన్ అనకాపల్లిలోనే అయింది. గర్భసంచి రాగానే అదే గంటలో నేను దాన్ని తెరిచి ఫార్మలిన్‌లో పెట్టాను. తెరవకుండా వదిలేస్తే ఫార్మలిన్ లోపలికి దిగదు, డీఎన్ఏ పాడైపోతుంది. పరీక్షలెంత కొత్తవైనా అవి మొదలయ్యేది ఈ పాత పని దగ్గరే. గడ్డ లోంచి ఈసారి తొమ్మిది ముక్కలు కోశాను.

మర్నాడు మా టెక్నీషియన్ ఈశ్వరరావు స్లయిడ్లు ట్రేలో పెట్టి తెచ్చాడు. ఇరవై ఏళ్ళుగా నాతో పనిచేస్తున్న మనిషి, కోసేటప్పుడే గడ్డ తీరు కనిపెట్టేస్తాడు. "ఇదేదో తేడాగా ఉందండి మేడం" అన్నాడు.

తేడా కాదు, భయంకరం. గ్రంథులన్న మాటే లేదు. కణాలు గుట్టలు గుట్టలుగా, మధ్య మధ్య రాక్షసుల్లాంటి పెద్ద కేంద్రకాలు. మూడో గ్రేడు, అంటే అన్నిటికంటే చెడ్డది. పీ53 రంగు ఇప్పుడు మా లాబ్‌లోనే వేస్తున్నాం. చాలా భాగం ముదురు గోధుమ. బంగారమ్మ గుంపే అనుకున్నాను.

మంచి సంగతి ఒకటే, గడ్డ గర్భసంచి దాటలేదు. విశాఖపట్నంలో కేన్సర్ డాక్టర్ కిరణ్‌కి ఫోన్ చేశాను. చురుకైన కుర్ర డాక్టరు, ఆలస్యం అంటే గిట్టదు.

"క్లియర్‌గానే ఉంది కదండీ మేడం. మూడో గ్రేడు, పీ53 పాడైంది. గాయం మానగానే కీమో మొదలెట్టీసి, తర్వాత రేడియేషన్ ఇచ్చేద్దాం" అన్నాడు.

అవునన్నాను. ఫోన్ పెట్టేశాను. కానీ మనసు ఊరుకోలేదు. మళ్ళీ స్లయిడ్ పెట్టాను. 'ఎలాగ తెలిసింది?' అని నన్ను నేనే అడుగుతూ ఒక్కో మూలా చూశాను. అప్పుడు కనిపించింది. గడ్డ నిండా చిన్న చిన్న నల్లటి చుక్కలు. రంగు వేయడం వల్ల నల్లగా కనబడే, ఒంటిని కాపాడే తెల్లకణాలు, లింఫోసైట్లు. అంచున ఆగిపోకుండా గడ్డ లోపలికి, కణాల మధ్యలోకి చొరబడి ఉన్నాయి. మామూలు మూడో గుంపు గడ్డల్లో నేను వాటిని ఇంత ఎక్కువగా చూడలేదు.

పోలీ జీన్ చెడిన గడ్డలు ఇలాగే ఉంటాయి. లోపల వేలల్లో అచ్చుతప్పులుండటం వల్ల అవి ఒంటికి పరాయివిగా కనబడతాయి, లింఫోసైట్లు గుర్తుపట్టి వచ్చి పడతాయి. అందుకే చూడటానికి ఎంత భయంకరంగా ఉన్నా, గర్భసంచి దాటకముందే తీసేస్తే అవి తిరిగి రావడం చాలా అరుదు. పైగా ఆ వేల తప్పుల్లో ఒకటిగా పీ53 కూడా చెడి ఉండొచ్చు. అప్పుడు దాన్ని మూడో గుంపులో కలపకూడదు, మొదటి గుంపుగానే చూడాలి.

కిరణ్‌కి మళ్ళీ ఫోన్ చేశాను. "పోలీ పరీక్ష చేయిద్దాం. అది వచ్చేదాకా కీమో ఆపండి."

"మేడం, రాకపోతే? మనం వారాలు పోగొట్టుకున్నట్టు అవుతుంది."

"గాయం మానడానికి ఎలాగూ టైం పడుతుంది కదా. ఆ టైములోనే చేయిద్దాం."

"సరేనండి. కానీ ఆరు వారాలు. ఆ తర్వాత నేను ఆగను."

నా రెండో తప్పు

పరీక్ష హైదరాబాదులో చేయాలి. తొమ్మిది బ్లాకుల్లో గడ్డ అన్నిటికంటే పెద్దగా ఉన్నదాన్ని ఏరి పంపాను. రెండు వారాలు దాటాక జవాబొచ్చింది: డీఎన్ఏ తునకలైపోయి ఉంది, పరీక్ష కుదరలేదు.

ఆ బ్లాకు తాలూకు స్లయిడ్ మళ్ళీ చూస్తే సంగతి తెలిసింది. గడ్డ పెద్దదే, కానీ సగం చచ్చిన కణాలు. పెద్దదని తీసుకున్నాను తప్ప బతికున్న కణాలు ఎక్కువెక్కడున్నాయో చూడలేదు. అనుభవం ఉన్నవాళ్ళు కొత్త పరీక్షల దగ్గర చేసే తప్పు ఇదే. పరీక్ష కొత్తది కాబట్టి అదంతా మెషీన్ చూసుకుంటుందనుకుంటాం. ఏ ముక్క పెట్టాలో మెషీన్‌కి తెలీదు.

ఆ రోజు నేను చాలా తడబడ్డాను. మూడు వారాలు అయిపోయాయి. కిరణ్ చెప్పినట్టు కీమో మొదలుపెట్టమంటే నన్నెవరూ తప్పుపట్టరు. బంగారమ్మ విషయంలో వైద్యం తక్కువై నష్టం జరిగింది, ఇక్కడ ఎక్కువైతే ఏం పోయింది అని మనసు లాగుతోంది. కానీ ఎక్కువైతే కూడా పోతుంది. జుట్టు, తిండి, చేతివేళ్ళ స్పర్శ, పేగులు, నెలల కొద్దీ బతుకు. ఒక తప్పు నేర్పిన భయంతో తీసుకునే నిర్ణయాన్ని జాగ్రత్త అనుకోకండి. అది రెండో తప్పుకి దారి.

ఈశ్వరరావుని పిలిచాను. ఇద్దరం మిగతా ఎనిమిది స్లయిడ్లూ ఒక్కొక్కటే చూశాం. ఆరో దానిలో గడ్డ చిన్నదే, గోరంత, కానీ అన్నీ బతికున్న కణాలు. "ఇదే" అన్నాను. అతను పాత బ్లేడు తీసి పారేసి, ఇంకొకరి ముక్క తాలూకు పొడి కూడా అంటకుండా పొరలు కోసే మెషీన్ మొత్తం తుడిచి, కొత్త బ్లేడు బిగించి ఆ బ్లాకు నుంచి పది పొరలు కోశాడు. నేను స్లయిడ్ల మీద గడ్డ ఉన్న చోటు మాత్రమే గుండ్రం చుట్టాను. సాయంత్రం కొరియర్‌కి అతనే స్వయంగా పట్టుకెళ్ళాడు.

ఈ మధ్యలో నూకరత్నం, అప్పలనాయుడు లాబ్‌కే వచ్చేశారు.

"అమ్మా, మా ఊర్లో అందరూ కరెంటెట్టాలంటన్నారు. మీరేటి ఇంకా ఆపుతున్నారట?" అంది నూకరత్నం నిలదీసినట్టు. మా వైపు రేడియేషన్‌ని కరెంటు పెట్టడం అంటారు.

"ఒక పరీక్ష రావాలమ్మా. అది వస్తే నీకు కరెంటు కావాలో వద్దో తెలుస్తుంది."

"రాకపోతే?"

"పెట్టిస్తాం. ఇంకా టైముంది."

"సరే. మీరు సూడండి. గానీ ఆలీసెం సెయ్యకండి, సెరుకు కోతకొత్తాది."

పదకొండు గంటలకి

అయిదో వారం చివర్లో, పొద్దున్న పదకొండింటికి, కంప్యూటర్‌లోకి రిపోర్టు వచ్చింది. పోలీ జీన్‌లో మార్పు ఉంది. నేను గెంతలేదు, ఇంకా కాదు. ఆ జీన్‌లో ఏ మార్పు పడితే ఆ మార్పు సరిపోదు. దిద్దే పనిని నిజంగా చెడగొడతాయని తేలిన మార్పులు కొన్నే ఉన్నాయి. వేలితో లైను వెంబడి చదివాను. జాబితాలో మొదట ఉండేదే అది. ఒక్క అక్షరం, ఒకే ఒక్క అక్షరం మారింది.

అప్పుడు గెంతాను. నిజంగానే. యాభై తొమ్మిదేళ్ళ మనిషిని, చెప్పుల్లేకుండా వరండాలోకి పరిగెత్తాను. ఈశ్వరరావు ఎక్కడో నిప్పంటుకుందనుకుని నీళ్ళ బకెట్టుతో ఎదురొచ్చాడు.

"పోలీ వచ్చిందయ్యా! పోలీ!"

"హమ్మయ్య" అని బకెట్టు కింద పెట్టి అతను కూడా నవ్వేశాడు. కాసేపు ఇద్దరం వరండాలో అలా నవ్వుతూ నిలబడ్డాం. బయట కూర్చున్న పేషెంట్లు మమ్మల్ని వింతగా చూశారు.

కిరణ్‌కి రిపోర్టు పంపాను. అతను చదివి, తనకు తెలిసిన మరో ఇద్దరు డాక్టర్లతో మాట్లాడి, మధ్యాహ్నం ఫోన్ చేశాడు. "మేడం, గడ్డ దాటలేదు, పోలీ ఉంది. కీమో వద్దు, రేడియేషన్ వద్దు. తనిఖీలు చాలు. మీరు ఆపబట్టి సరిపోయింది, నేను ఇచ్చేద్దును."

"నేను మొదటి బ్లాకు సరిగ్గా ఏరి ఉంటే మీకు రెండు వారాల ముందే తెలిసేది" అన్నాను. అదీ నిజమే.

"ఇంకేటీ సెయ్యలేరా?"

మంచి కబురు చెప్పడం తేలికనుకున్నాను. ఈ వృత్తిలో నేను చివరగా నేర్చుకున్నది, అది తేలిక కాదని.

నూకరత్నాన్నీ అప్పలనాయుడినీ పద్మజ తన గదికి పిలిపించింది. నన్నూ రమ్మంది. పద్మజ నవ్వుతూ, "నూకరత్నం, నీకు ఇంకే మందూ అక్కర్లేదు. కీమో లేదు, కరెంటూ లేదు. ఇంటికెళ్ళిపో" అంది.

అప్పలనాయుడి మొహం పాలిపోయింది. కుర్చీ అంచు పట్టుకున్నాడు. అంతవరకూ నోరు విప్పని మనిషి అన్నాడు:

"అంతేనా అమ్మా? ఇంకేటీ సెయ్యలేరా? పొలం అమ్మీసైనా తెత్తాను. ఇంటికి తీసుకెల్లిపొమ్మనకండమ్మా."

నూకరత్నం పైట కొంగు గుప్పిట్లో నలిపేస్తోంది.

అప్పుడు మా ఇద్దరికీ వెలిగింది. వాళ్ళకి తెలిసిన లోకంలో డాక్టరు 'మందు అక్కర్లేదు, ఇంటికి తీసుకెళ్ళిపోండి' అన్నాడంటే అర్థం ఒక్కటే. మేం ఇస్తున్న గొప్ప వార్త వాళ్ళ చెవిలో చావు కబురుగా పడింది.

"కాదు నాయుడు గారూ, అది కాదు" అని పద్మజ గాభరాగా లేచింది. ఎన్ని మాటలు చెప్పినా ఆయన తలూపుతున్నాడే గానీ నమ్మడం లేదు. నేను నూకరత్నం చెయ్యి పట్టుకుని లేపాను. "రా, చూపిస్తాను."

పక్క వీధిలోనే మా లాబ్. ఇద్దర్నీ తీసుకెళ్ళి ఆమె స్లయిడే మైక్రోస్కోపు కింద పెట్టాను. అన్నేళ్ళ ఉద్యోగంలో ఒక పేషెంటుని ఆ కుర్చీలో కూర్చోబెట్టడం అదే మొదటిసారి. నూకరత్నం కన్ను ఆనించి, అటూ ఇటూ తల తిప్పి, చివరికి కుదురుగా చూసింది.

"పెద్ద పెద్దవి, వంకర్లు తిరిగి కనబడుతున్నాయా? అదే నీ గడ్డ."

"కనబడతన్నాదమ్మా. అసయ్యంగా ఉన్నాది."

"దాని మధ్యలో సన్నగా?"

"సిన్న సిన్న సుక్కలు. మా సెడ్డ ఉన్నాయి, లెక్కెట్టలేం. ఇయ్యేటమ్మా?"

"అవి నీ రక్తంలోవే. గడ్డ చెడ్డదని నీ ఒళ్ళు తనంతట తానే గుర్తుపట్టి వాటిని పంపింది. ఇలాంటి గడ్డని ముందుగానే తీసేస్తే మళ్ళీ వచ్చేది చాలా తక్కువ. అందుకని మందు అక్కర్లేదన్నాం. నువ్వు బాగున్నావు కాబట్టి అన్నాం, చెయ్యలేక కాదు."

ఆమె ఇంకాసేపు చూసింది. కన్ను తీయకుండానే భర్తని పిలిచింది. "ఇలగ రండి, సూడండి. నా ఒళ్ళే ముందు పని మొదలెట్టిందట."

అప్పలనాయుడు వంగి చూశాడు. ఆయనకేం కనబడిందో నాకు తెలీదు. లేచేసరికి కళ్ళు తుడుచుకుంటున్నాడు.

"మరయితే నిజంగా బాగానే ఉన్నట్టేనా అమ్మా?"

"బాగానే ఉంది. కానీ తనిఖీలు మానకూడదు. రక్తం చుక్క కనబడినా, ఒంట్లో ఏ తేడా అనిపించినా ఆ రోజే రావాలి."

నూకరత్నం కుర్చీలోంచి లేచి చీర సర్దుకుంది. నేను ఇంకా ఏదో వివరించబోతుంటే మధ్యలో ఆపి, "సెరుక్కోతకి ఎప్పుడెల్లొచ్చు? అది సెప్పండి ముందు" అంది.

మూడు నెలలు బరువు పని వద్దని పద్మజ గట్టిగా చెప్పింది. ఆ మూడు నెలలూ ఆమె గట్టు మీద కూర్చుని కూలీల మీద అరిచిందని తర్వాత అప్పలనాయుడే చెప్పాడు. నాలుగో నెలలో కత్తి పట్టింది.

ఇది జరిగి నాలుగేళ్ళయింది. మధ్యలో నేను రిటైరయ్యాను. నూకరత్నం ఇప్పటికీ తనిఖీకి ఒక్కసారి కూడా మానకుండా వస్తోంది, వచ్చిన ప్రతిసారీ పద్మజ నాకు ఫోన్ చేసి చెప్తుంది. మిగతా డాక్టర్ల సంతోషం పేషెంటు మళ్ళీ వచ్చి దండం పెట్టినప్పుడు. మా సంతోషం వేరు. ఈ నాలుగేళ్ళలో ఆ లాబ్ బల్ల మీదికి నూకరత్నం పేరుతో ఒక్క డబ్బా కూడా రాలేదు.